బొమ్మల ఉత్తరాలు: గొప్ప చిత్రం చూశాక చెయ్యెందుకు ఆగిపోతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్యాల బొమ్మలు) గురించే. అందులోనూ చాలామందిది ఒకటే గోడు, గొప్పవాళ్ల చిత్రాలు చూసి ఉత్సాహం తెచ్చుకుందామంటే ఉన్న ఉత్సాహం కూడా పోతోందని. అందుకే ఈ నెల మిగతావన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నా. పోర్ట్రెయిట్ వాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చేసారి మీ వంతు.

ప్రశ్న: మేడమ్, నేను మూడేళ్లుగా వాటర్ కలర్స్‌తో, ఈమధ్యే ఆయిల్స్‌తో ల్యాండ్‌స్కేప్స్ వేస్తున్నాను. ఇన్‌స్పిరేషన్ కోసం రోజూ పడుకునే ముందు మ్యూజియంల వెబ్‌సైట్లలో గంటసేపు చిత్రాలు చూస్తాను. అప్పుడు చాలా ఊపు వస్తుంది, తీరా పొద్దున్నే బ్రష్ పట్టుకుంటే నేను వేసేదంతా పిల్లల బొమ్మలాగా కనిపిస్తోంది. అవి చూడకముందే నయం, హాయిగా వేసుకునేవాణ్ని. చూడటం మానేయాలంటారా?

జవాబు: మానక్కర్లేదండి, కాకపోతే చూసే పద్ధతి మార్చాలి. మీరు రాసింది చదివితే నాకేమనిపించిందంటే మీరు ఒక్క గంటలో యాభై చిత్రాలు చూసేస్తున్నారు, ప్రతిదాన్నీ మొత్తంగా మింగేద్దామని చూస్తున్నారు, ఆ వెలుతురూ కావాలి, ఆ మబ్బులూ కావాలి, ఆ బ్రష్ విసురూ కావాలి. అన్నీ కలిపి తెచ్చి మన కాగితం మీద పెడితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అవుతుంది. నాకూ ఉన్నాయిలెండి ఆ వాతలు, ఓ రెండేళ్లపాటు నా ఆకాశాలన్నీ ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ ఆకాశాల్లా ఉండాలని పసుపు మీద పసుపు పూసీ పూసీ చివరికి పొగచూరిన గోడల్లా తేల్చాను.

ఒక చిత్రం ముందు కూర్చున్నప్పుడు ఒక్క ప్రశ్న పట్టుకోండి. ఒక్కటే. ఈయన నా చూపుని ముందు నుంచి దూరానికి ఏ దారిన తీసుకెళ్తున్నాడు? లేదా, ఇందులో అన్నిటికన్నా చిక్కటి చీకటి ఎక్కడుంది, దాని పక్కన ఏం పెట్టాడు? ఇలాంటిది. ఆ చిత్రం వేసినాయనకి ఒక చిక్కు వచ్చింది, దాన్ని ఆయన ఎలాగో విప్పుకున్నాడు, మనం చూడాల్సింది ఆ విప్పుకున్న తీరుని. అందం దాని వెనకాలే వస్తుంది.

జాన్ కాన్‌స్టబుల్ సంగతే చూడండి. ఈ ఇంగ్లండ్ చిత్రకారుడు కుర్రాడిగా ఉన్నప్పుడు సర్ జార్జ్ బ్యూమాంట్ అనే సంపన్నుడు తన దగ్గరున్న, ఇటలీలో బతికిన పాతకాలపు ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ లొరెయిన్ చిత్రం ఒకటి చూపించాడు. బైబిల్ కథలోని హాగర్ అనే స్త్రీ, ఆమెకి ఎదురైన దేవదూత ఉంటారు అందులో, 1646 నాటిది, పెద్దదేం కాదు, చేత్తో మోసుకెళ్లేంత. బ్యూమాంట్‌కి అదంటే ఎంత ప్రాణమంటే ప్రయాణాల్లో కూడా వెంట తీసుకెళ్లేవాడట. ఆ చిత్రంలో చెట్లు పక్కన ద్వారబంధంలా నిలబడి మన చూపుని మధ్యలోంచి దూరానికి పంపిస్తాయి. కాన్‌స్టబుల్ దాన్ని చూశాడు, తర్వాత 1802లో తన సొంత ఊరి పక్కనున్న డెడమ్ లోయని వేసినప్పుడు అదే అమరిక వాడాడు, కానీ దేవదూత లేదు, ఇటలీ వెలుతురు లేదు, ఉన్నది తను చిన్నప్పటి నుంచీ తిరిగిన లోయ, తడి గాలి, దూరంగా చర్చి గోపురం. అంతటితో అయిపోయిందా అంటే కాలేదు, మళ్లీ 1828లో అదే లోయని, అదే అమరికతో ఇంకా పెద్దగా వేశాడు. అంటే ఒక చిన్న చిత్రం దగ్గర నేర్చుకున్న ఒక్క విషయంతో ఇరవయ్యారేళ్లు కుస్తీ పట్టాడన్నమాట. మనం ఒక్క రాత్రిలో యాభై చూసి పొద్దున్నే ఫలితం రాలేదని దిగులు పడుతున్నాం!

టర్నర్‌ది ఇంకో రకం. ఆయనకీ క్లాడ్ అంటేనే పిచ్చి, కానీ అందులో కాస్త పోటీ కూడా ఉంది. వీలునామాలో తన చిత్రాలు రెండు లండన్ నేషనల్ గ్యాలరీకి ఇస్తూ వాటిని క్లాడ్ చిత్రాలు రెండింటి పక్కనే వేలాడదీయాలని షరతు పెట్టాడు. 1851లో ఆయన పోయాడు, ఇప్పటికీ ఆ నాలుగూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. గురువు పక్కన కుర్చీ వేసుకుని నన్నూ ఆయన్నీ కలిపి చూడండి అన్నట్టు. నాకైతే ఆ పొగరు ముచ్చటేస్తుంది.

మీరు చేయాల్సింది చాలా చిన్న పని. వారానికి ఒక్క చిత్రం ఎంచుకోండి, పెన్సిల్‌తో అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బా గీసుకుని అందులో ఆ చిత్రాన్ని మూడే టోన్లలో పెట్టండి, తెలుపు, నడిమి బూడిద, నలుపు. ఆకులొద్దు, మనుషులొద్దు, మచ్చలు మాత్రమే. పది నిమిషాలు చాలు. ఫోన్‌లో చిత్రాన్ని తలకిందులు చేసి చూస్తూ గీస్తే ఇంకా మంచిది, అప్పుడు మెదడు "ఇది చెట్టు, ఇది గుర్రం" అని పేర్లు పెట్టడం మానేసి ఆకారాన్ని చూస్తుంది. మర్నాడు బయటికెళ్లి మీ ఎదురుగా ఉన్న దృశ్యాన్ని అదే సైజు డబ్బాలో అదే మూడు టోన్లలో గీయండి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీరేం వదిలేస్తున్నారో మీకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు చూడటం మాత్రం మానేయండి, చేతిలో పెన్సిల్ లేకుండా చూసింది పొద్దున్నకి ఆవిరైపోతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను వాన్ గో చిత్రాలు చూసి అచ్చం అలాగే వేసి స్టేటస్‌లో పెడతాను. మా ఫ్రెండ్స్ లైక్ చేస్తారు కానీ మా బాబాయి మాత్రం "కాపీ కొట్టడం కూడా ఒక కళేనా" అని ఎగతాళి చేస్తున్నారు. నిజంగా తప్పా? (ఇంటర్ విద్యార్థిని)

జవాబు: తప్పు కాదమ్మా. మీ బాబాయిగారికి ఈ సంగతి చెప్పు, నువ్వు కాపీ చేస్తున్న ఆ వాన్ గో కూడా కాపీ చేసినవాడే! 1887లో జపాన్ చిత్రకారుడు హిరోషిగె చెక్క అచ్చు బొమ్మల్ని ఆయిల్స్‌లో వేశాడు, పూలు పూసిన ప్లమ్ తోట ఒకటి, వానలో వంతెన ఒకటి. తోట బొమ్మకైతే గళ్లు గీసుకుని మరీ ట్రేస్ చేసుకున్నాడు, ఆ ట్రేసింగ్ కాగితం ఇప్పటికీ ఉంది. కానీ రంగుల దగ్గరకొచ్చేసరికి మాట వినలేదు, అసలు ప్రింట్‌లో కన్నా ఘాటుగా పెంచేశాడు, చుట్టూ అంచుల్లో వేరే ప్రింట్లలోంచి అక్షరాలు తెచ్చి అతికించాడు.

తర్వాత 1889, 90లలో ఆయన సాన్ రెమీ అనే ఊళ్లో మానసిక చికిత్సాలయంలో ఉన్నప్పుడు బయటికెళ్లి వేయడం అన్నివేళలా కుదిరేది కాదు. అప్పుడు మిల్లే అనే చిత్రకారుడి పొలం పనుల బొమ్మలు, నలుపు తెలుపు ప్రింట్లు, ముందు పెట్టుకుని దాదాపు ఇరవై దాకా వేశాడు. ప్రింట్లలో రంగు లేదు కదా, రంగంతా తనే ఊహించుకోవాలి. ఇది నకలు కాదు, వేరొకరు కట్టిన సంగీతాన్ని మరొకరు తన పద్ధతిలో వాయించడం లాంటిది అని తమ్ముడికి ఉత్తరంలో రాసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే కీర్తన త్యాగరాజుదే, పాడే గొంతు నీది.

కాబట్టి నువ్వు కూడా ఒక చిన్న మార్పు చెయ్యి. కాపీ చేసేటప్పుడు ఏదో ఒకటి నీ చేతిలో పెట్టుకో. రంగు చిత్రాన్ని ఒక్క గోధుమ రంగుతో వెయ్యి, లేదా నలుపు తెలుపు ప్రింట్ తీసుకుని రంగులు నువ్వు ఊహించు, లేదా పగటి దృశ్యాన్ని సాయంత్రంగా మార్చు. అచ్చుగుద్దినట్టు దించడం కూడా నెలకొకసారి చెయ్యొచ్చు, చెయ్యి తిరుగుతుంది, కానీ ఎప్పుడూ అదే అయితే కన్ను నిద్రపోతుంది.

ఇక్కడ ఒక గట్టి మాట. వేసింది ఎవరిని చూసో బొమ్మ కిందా వెనకా రాయి, "వాన్ గో చిత్రం చూసి" అని. అది దాచిపెట్టి నా సొంతం అంటే మాత్రం మీ బాబాయి పక్షాన నేనూ ఉంటా, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం కన్నా అసలు చెట్టు పేరే చెప్పకుండా అమ్ముకోవడం ఇంకా పాపం. పారిస్‌లో లూవ్రు మ్యూజియం వాళ్లు ఇప్పటికీ చిత్రకారుల్ని లోపల కూర్చోబెట్టి కాపీ చేసుకోనిస్తారు, కానీ అసలు చిత్రం సైజులో మాత్రం వేయనివ్వరు, చిన్నదో పెద్దదో అయి తీరాలి, రేపెవరూ దాన్ని అసలుదని చెప్పి అమ్మకుండా. ఇంకోటి, ఈ కాపీలు ఎప్పుడో పోయిన వాళ్ల చిత్రాలకే. ఈ కాలం చిత్రకారుల బొమ్మలకి కాపీరైట్ ఉంటుంది, ఇంట్లో ప్రాక్టీసు వేరు, అందరికీ చూపించడం, అమ్మడం వేరు, వాళ్లని అడగాలి.

ప్రశ్న: నా చిత్రాల్లో పచ్చదనం ప్లాస్టిక్ లాగా ఉంటోంది. దూరంగా ఉండాల్సిన కొండలు ముందుకొచ్చి మీద పడుతున్నట్టున్నాయి. ఆయిల్స్ వాడతాను. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వేరు వేరు జబ్బులు అనుకుంటున్నారేమో, చాలావరకు ఒకటే. మీరు ట్యూబులో గ్రీన్‌ని అలాగే తీసి దగ్గరికీ దూరానికీ పూసేస్తున్నారని నా అనుమానం. (కాదంటే కోప్పడండి.)

బ్యూమాంట్, కాన్‌స్టబుల్‌ల మధ్యే ఒక కథ ఉంది, కాన్‌స్టబుల్ జీవితం రాసిన ఆయన స్నేహితుడు చెప్పింది. ల్యాండ్‌స్కేప్ మొత్తం పాత వయొలిన్ రంగులో, అంటే బాగా ముదిరిన గోధుమ రంగులో ఉండాలని బ్యూమాంట్ అన్నాడట. కాన్‌స్టబుల్ వాదించకుండా ఒక పాత వయొలిన్ తెచ్చి ఇంటి ముందు పచ్చగడ్డి మీద పెట్టాడట, చూసుకోండి అని. అంత పచ్చదనం కోసం పట్టుబట్టిన మనిషి గ్రీన్ ఎలా వేశాడో మరి? ఫ్రెంచ్ చిత్రకారుడు దెలాక్రువా తన డైరీలో రాసుకున్నాడు, కాన్‌స్టబుల్ పచ్చిక బయళ్లలో ఆ జీవం ఎందుకంటే అది ఒక పచ్చ కాదు, పక్కపక్కనే పెట్టిన రకరకాల పచ్చలు అని. మీ రోగానికి మందు అదే.

అందుకని ఓ నెలపాటు గ్రీన్ ట్యూబులు పెట్టె అడుక్కి తోసేయండి. అల్ట్రామెరైన్ అనే నీలంలో లేత నిమ్మపసుపు కలిపితే ఒక పచ్చ, యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు కలిపితే ఇంకోటి, మెత్తగా మట్టి కలిసినట్టు ఉంటుంది. నలుపులో పసుపు కలిపినా ఆలివ్ లాంటి పచ్చ వస్తుంది, నమ్మకపోతే కలిపి చూడండి. వచ్చిన పచ్చ అరుస్తోందనిపిస్తే చిటికెడు ఎరుపో, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగో వేయండి, నోరు మూస్తుంది. ఎండ పడ్డ ఆకు వెచ్చగా పసుపు వైపుకి, నీడలో ఆకు చల్లగా నీలం వైపుకి, ఆకాశాన్ని అద్దంలా చూపించే నున్నటి ఆకులు బూడిద నీలంగా కూడా ఉంటాయి, కళ్లారా చూస్తే చెట్టులో సగం అసలు పచ్చే కాదు.

ఇక కొండల సంగతి. మనకీ కొండకీ మధ్య గాలి ఉంది, ఆ గాలి వెలుతుర్ని చెదరగొడుతుంది, నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకే దూరమయ్యే కొద్దీ కొండ మీద నీలి తెర పడుతుంది. లియొనార్డో దావించి తన నోట్సులో దీన్ని దాదాపు లెక్కలా రాసుకున్నాడు, ఒక కట్టడం అయిదు రెట్లు దూరంలో ఉన్నట్టు కనిపించాలంటే అయిదు రెట్లు నీలంగా వెయ్యమని. అంత కొలతగా వేయక్కర్లేదు గానీ అసలు కిటుకు నీలంలో కన్నా చీకట్లలో ఉంది. దూరానికి వెళ్లేకొద్దీ ముందు మాయమయ్యేది చిక్కటి చీకటి. దగ్గర చెట్టు నీడలో ఉన్నంత నలుపు దూరపు కొండ మీద ఎక్కడా ఉండకూడదు, ఉంటే ఆ కొండ లేచి ముందుకొచ్చేస్తుంది, మీకు జరుగుతున్నది అదే. అంచులు కూడా, దగ్గరవి పదునుగా, దూరానివి కొంచెం మెత్తగా.

ఒక అలవాటు చేసుకోండి, కళ్లు చికిలించి చూడటం. సగం మూసిన కళ్లకి వివరాలు పోయి పెద్ద పెద్ద మచ్చలే కనిపిస్తాయి, మామూలు పగటిపూట అయితే ఆకాశం అన్నిటికన్నా వెలుతురు, తర్వాత ఎండ పడే నేల, తర్వాత వాలుగా ఉన్న కొండలు, నిలువుగా నిలబడ్డ చెట్లు అన్నిటికన్నా చీకటి. మంచు పడ్డప్పుడో పొద్దు గుంకేటప్పుడో ఈ వరస తారుమారవుతుంది, అది వేరే కథ.

చైనాలో గువో షీ అనే ఆయన 1072లో "తొలి వసంతం" అని సిల్కు మీద ఇంకుతో వేసిన ఒక కొండ ఉంది. చుక్క నీలం లేదు, పచ్చ లేదు, ఉన్నది పొగమంచు. కొండ పాదాన్ని మంచులో మాయం చేసి శిఖరాన్ని ఎక్కడికో నెట్టేశాడు. మీ కొండలు మొండికేసినప్పుడల్లా దాన్ని ఒకసారి చూడండి, రంగు ట్యూబు వైపు చెయ్యి పోదు.

ప్రశ్న: వేయదగ్గ దృశ్యాలే లేవండీ మా చుట్టుపక్కల. కొండల్లేవు, సముద్రం లేదు. రోజూ చూసే రోడ్డు, కాలువ, నాలుగు చెట్లు. ఎక్కడికైనా ట్రిప్ వెళ్తే గానీ చెయ్యి కదలట్లేదు.

జవాబు: ట్రిప్పుకెళ్లి వచ్చాక వేసిన బొమ్మలు ఒకసారి తీసి చూడండి, పోస్ట్‌కార్డులా ఉంటాయని పందెం. కొత్త చోట మన కన్ను అబ్బురపడటంలోనే అలిసిపోతుంది.

కాన్‌స్టబుల్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చిన "హే వెయిన్" (గడ్డిబండి) చిత్రంలో ఉన్నదేంటి, ఒక చిన్న నది, అందులో దిగిన బండి, పక్కన పొరుగువాడి ఇల్లు, అంతే. వాళ్ల నాన్న మిల్లు దగ్గరే ఆ చోటు. 1821లో లండన్‌లో పెడితే ఎవరూ కొనలేదు, 1824లో పారిస్‌లో సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో పెడితే బంగారు పతకం వచ్చింది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే తన ఇంటి పక్క పొలంలో గడ్డివాముల్ని 1890, 91లలో పాతిక సార్లు వేశాడు. గడ్డివాము! దాని మీద మంచు, పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎరుపు, అదే వాము మళ్లీ మళ్లీ. మరో ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ చివరి రోజుల్లో కొడుక్కి రాసిన ఉత్తరంలో అంటాడు, ఈ నది ఒడ్డున కదలకుండా కూర్చుని కాస్త కుడికి, కాస్త ఎడమకి ఒరిగితే చాలు, నెలల తరబడి వేయడానికి సరిపడా ఉంది అని. అదీ అరవై ఏడేళ్ల వయసులో.

మీ కాలువ ఒడ్డున ఒక చోటు ఎంచుకుని అక్కడే పది బొమ్మలు వేయండి, పొద్దున అయిదు, సాయంత్రం అయిదు. మూడోదానికి విసుగొస్తుంది, ఆరోదానికి ఏదో కనిపిస్తుంది, ఏం కనిపించిందో నాకు రాయండి.

ప్రశ్న: ఫోటో చూసి వేయొచ్చా? బయట కూర్చుంటే ఎండ మారిపోతోంది, జనం మూగుతున్నారు.

జవాబు: వేయొచ్చు, కానీ ఫోటో చెప్పే అబద్ధాలు తెలుసుకుని వేయండి. ఫోన్ కెమెరా దూరపు కొండని చిన్నది చేసేస్తుంది, మీ కంటికి పెద్దగా అనిపించిన కొండ ఫోటోలో గీతలా మిగులుతుంది. నీడల్ని నల్లగా పూడ్చేస్తుంది, కంటికైతే ఆ నీడలో కూడా రంగులు కనిపిస్తాయి. ఫోటోలోది ఉన్నదున్నట్టు దించితే ఈ రెండు తప్పులూ మీ ఖాతాలో పడతాయి.

ఎండ మారిపోవడం అందరికీ ఉన్న బాధే. వాలెన్సియెన్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1800లోనే పుస్తకంలో రాసిపెట్టాడు, బయట కూర్చుని వేసే స్టడీ (అభ్యాసపు బొమ్మ) రెండు గంటలు దాటొద్దు, సూర్యోదయమో సూర్యాస్తమయమో అయితే అరగంట మించొద్దు అని. అప్పటికింకా రేకు ట్యూబులు కూడా లేవు, అవి వచ్చింది 1841లో, అంతకుముందు నూరిన రంగుని పంది మూత్రాశయపు సంచుల్లో కట్టుకుని మోసుకెళ్లేవాళ్లు. మనం జిప్ బ్యాగ్ మోయడానికి బద్ధకిస్తున్నాం.

నేను చేసేది చెప్తా. బయట అరచేయంత కార్డు మీద నలభై నిమిషాల్లో రంగులు మాత్రం పట్టుకుంటా, ఆకారాలు ఎలా వచ్చినా సరే. అప్పుడే ఒక ఫోటో తీసుకుంటా, అది కొమ్మల లెక్క కోసం, కిటికీల లెక్క కోసం. ఇంటికొచ్చాక కార్డుకీ ఫోటోకీ రంగు దగ్గర తగాదా వస్తే కార్డు మాటే వింటా.

జనం మూగడానికి మందు లేదు. గోడకి వీపు ఆనించి కూర్చోండి, వెనక నుంచి తొంగిచూసేవాళ్లు తగ్గుతారు.

ప్రశ్న: మొదలుపెట్టేవాళ్లకి వాటర్ కలరా, అక్రిలిక్కా, ఆయిలా?

జవాబు: మీ ఇంట్లో ఏదుంటే అది. నిజంగా అడుగుతున్నారంటే పెన్సిల్ అంటాను.

ప్రశ్న: మా పాపకి పదేళ్లు. ల్యాండ్‌స్కేప్ వేసిన ప్రతిసారీ పైన నీలం పూసి రెండు తెల్ల మబ్బులు పెట్టేసి కిందకి దిగిపోతుంది. ఆకాశం సరిగ్గా వేయడం ఎలా నేర్పాలి?

జవాబు: పాపని అనకండి, చాలామంది పెద్దవాళ్లం కూడా అంతే, ఆకాశం అంటే మిగిలిపోయిన చోటు అనుకుంటాం. రాయ్స్‌డాల్ అనే డచ్ చిత్రకారుడు 1670 ప్రాంతంలో వేసిన హార్లెమ్ నగర దృశ్యం చూపించండి, చిత్రంలో మూడింట రెండొంతులు ఆకాశమే, ఊరంతా కింద ఒక సన్నటి పట్టీలో సర్దుకుంది. మబ్బులు పైన ఉంటే వాటి నీడలు కింద నేల మీద పడ్డాయి, ఒక చోట ఎండ, ఒక చోట మసక. నేల మీద ఆ ఎండ మచ్చలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి, ఆట లాగా.

తర్వాత డాబా మీద కూర్చోబెట్టి అరగంట ఉత్త ఆకాశమే వేయించండి, నేల అసలు లేకుండా. పైన నడినెత్తి మీద నీలం చిక్కగా, కిందకి దిగేకొద్దీ పాలిపోతూ ఉంటుందని తనే కనిపెడుతుంది, మీరు ముందే చెప్పేయకండి. మబ్బులకి కూడా అడుగు ఉంటుంది, ఆ అడుగు తెల్లగా ఉండదు. కాన్‌స్టబుల్ 1821, 22లలో లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో కూర్చుని పదుల కొద్దీ ఉత్త మబ్బులే వేశాడు, చాలావాటి వెనక తారీఖు, టైము, గాలి ఎటు నుంచి వీస్తోందో రాసిపెట్టుకున్నాడు. పాప చేత కూడా రాయించండి. గాలి ఏ దిక్కు నుంచో ఎలా తెలుస్తుందని అడిగితే ఆరేసిన బట్టలు చూడమనండి.